ఎనభై మిల్లీమీటర్ల మొక్కుబడి

మార్చి 5, బుధవారం. ఉదయం 5.40

భస్మ బుధవారం. శ్రమదినాలు మొదలు! ఈస్టరుకు నలభై దినాలు. ఆదివారాలు ఆ లెక్కలోకి రావు. నాకు మాత్రం ఆదివారాలే లెక్క.

ప్రతి సంవత్సరం ఈ రోజున కాఫీ మానేస్తాను. ప్రతి సంవత్సరం నాలుగో రోజుకల్లా నా భార్య అమృత గ్లాసు తెచ్చి ముందర పెట్టి, "తాగప్పా, ఇంట్లో మేము బతకాల" అంటుంది. ఈసారి కాఫీ జోలికి పోను. ఈసారి మొక్కుబడి వేరు.

నా సైకిల్ ముందు ఫోర్కు చచ్చిపోయింది. ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకుని, రాయి తగిలినప్పుడు కుంగి లేచేదే ఫోర్కు. నాది కుంగింది. లేవడం లేదు. సంవత్సరమైంది. పునరుత్థానం మీద ఇన్ని ప్రసంగాలు చేసినవాడి సైకిల్‌కు పట్టిన గతి చూడండి.

నేను పాస్టరును కాను. ఏ కాలేజీ నాకు పట్టా ఇవ్వలేదు. వారమంతా సూళగిరిలో ఒక చిన్న విడిభాగాల కంపెనీలో ఇన్‌స్పెక్షన్ పని. వెర్నియర్ పట్టుకుని ఇనపముక్కలను కొలిచి, కొలత తప్పిన దాన్ని ఎర్ర డబ్బాలో పడేస్తాను. ఆదివారం చర్చి, అన్నం అయ్యాక మధ్యాహ్నం గుండ్లగుట్ట పల్లెకు పోయి మనుషులకు అదే పని చేస్తాను.

గుండ్లగుట్ట తొమ్మిది కిలోమీటర్లు. చివరి మూడు కిలోమీటర్లు రాళ్ల బాట, ఎక్కుడు. అక్కడి ప్రార్థన కూడిక నేను మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ల కింద ముగ్గురు. ఎనిమిదేళ్లూ ముగ్గురే. గత సంవత్సరం నుంచి పదకొండు మంది! వాక్యంలో అగ్ని ఉంటే ఎండిన కట్టె అంటుకోక ఏం చేస్తుంది? సరిగ్గా అప్పుడే ఫోర్కు చచ్చింది. మనిషిని పడగొట్టే శోధకుడికి ఎక్కడ కొట్టాలో తెలుసు.

ఫోర్కు లేక ఆ రాళ్లమీద మణికట్లు మొద్దుబారి, చివరి మూడు కిలోమీటర్లు సైకిల్‌ను తోసుకుంటూ పోతున్నాను. మూడున్నరకు చేరాల్సినవాడిని నాలుగున్నరకు చేరుతున్నాను. ఐదింటికి పల్లెంతా క్యాన్లు ఎత్తుకుని పాల కేంద్రానికి పోతుంది. గంటా నలభై నిమిషాల ప్రసంగాన్ని ఇరవై నిమిషాల్లో చెప్పాలి. ఓడను తెచ్చి అగ్గిపెట్టెలో పెట్టమన్నట్టు.

నిన్న సంఘ పెద్ద వెంకటరమణప్ప పిలిపించాడు.

"ప్రసాదూ, నీ ఆలస్యం కత నాకు తెలిసింది. ఈస్టరు నాడు నేనే గుండ్లగుట్టకు వస్తాను. మూడున్నరకు నువ్వు ఆడ ఉంటే సరి. లేకుంటే ఆ పల్లె గోపీచంద్‌కు ఇచ్చేద్దాము. వాడికి స్కూటర్ ఉంది, కీబోర్డు ఉంది."

గోపీచంద్‌కు ఇరవై ఆరేళ్లు. మీసం సరిగ్గా రాలేదు. కీబోర్డు ఉంది!

స్కూటర్ మా ఇంట్లోనూ ఉంది. బావమరిది కువైట్ పోతూ వరండాలో పెట్టి, పైన టార్పాలిన్ కప్పి పోయాడు. తాకను. పెట్రోలు బండి జన్మలో ఎక్కనని మూడేళ్ల కింద నలభై మంది ముందర మైకులో ఒట్టు పెట్టాను. ఒట్టు పెట్టకూడదని వాక్యం. కాబట్టి అది ఒట్టు కాదు, మాట.

ఇక మొక్కుబడి:

1. సైకిల్‌కు సరైన పొడుగు ఫోర్కు వేయిస్తాను. కొలిచి కొంటాను. కంటికి నచ్చిందని కొనను.
2. అవసరానికి మించి ఒక్క మిల్లీమీటరు కూడా ఆశించను.
3. ఈస్టరు నాడు మూడున్నరకు గుండ్లగుట్ట. చెమట పట్టకుండా. ఊపిరి నిండుగా.

హల్లెలూయా!

మార్చి 6, గురువారం. సాయంత్రం 6.15

షిఫ్టు దిగి నేరుగా అంజనప్ప సైకిల్ షాపుకు. ఆయన నలభై ఏళ్లుగా చక్రాల మధ్యే కూర్చున్నాడు. కొండమీది దేవుడికి ఒకసారి, గల్లాపెట్టెకు ఒకసారి దండం పెట్టి స్పానర్ పడతాడు. నన్ను పాస్టరప్పా అంటాడు. కాదని ఎన్నిసార్లు చెప్పినా వినడు. నేనూ గట్టిగా చెప్పను.

ఫోర్కు విప్పాడు. లోపల స్ప్రింగు స్థానంలో ఉండాల్సిన రబ్బరు, వానకు తడిసిన బెల్లంలా కారింది.

"ఇది ఫోర్కు కాదు పాస్టరప్పా, చేతికర్ర."

"కొత్తది ఏ సైజు వేయాల?"

"నువ్వు చెప్పకూడదు, నేను చెప్పకూడదు, బండి చెప్పాల. ఇది పాతకాలం బండి. పుట్టినప్పుడే ఎనభై ఫోర్కుతో పుట్టింది. ఎనభై మిల్లీమీటర్లు కుంగుతాది, అంతే. ఇరుసు నుంచి ఈ భుజం దాకా నలభై ఐదు సెంటీమీటర్లు. ఆ పొడుగే ఉండాల."

"ఎక్కువ పెడితే?"

"ముందర లేస్తాది. హ్యాండిల్ వెనక్కి వాలతాది. దిగేటప్పుడు రాజా, ఎక్కేటప్పుడు తాగుబోతు. నూరు దాకా సహిస్తాది. దానిపైన నన్ను అడగొద్దు."

ఇంటికొచ్చి స్టీలు టేపుతో నా చేత్తో కొలిచాను. 41.3. మళ్లీ 41.3. మళ్లీ 41.3. కుంగిపోయిన దాన్ని కొలిచి మోసపోవద్దని అంజనప్ప ముందే అన్నాడు. కరెక్టు. పడిపోయిన మనిషిని చూసి ఆదాము ఎత్తు చెప్పగలమా?

క్యాలెండర్ పక్కన గోడమీద పెద్ద అక్షరాలతో రాశాను: 80. కింద: 45.

ఓడ కట్టమన్నప్పుడు దేవుడు "చూసి కొంచెం పెద్దగానే కట్టు" అనలేదు. మూరలతో సహా కొలత ఇచ్చాడు. కొలత ఇచ్చే దేవుడు నా దేవుడు!

అమృత గోడ చూసి, "ఏం నంబరప్పా అది, బస్సుదా?" అంది.

మార్చి 9, ఆదివారం. రాత్రి భోజనానికి ముందు

చేరింది: 4.32. ప్రసంగం: 19 నిమిషాలు. నరకం దాకా వచ్చాను, పరలోకానికి టైం లేదు.

పాల క్యాన్లతో లేచిపోతూ పదకొండు మందీ నవ్వు ముఖాలతో వందనం చెప్పారు. బాధను దాచుకుంటున్నారు. రామలక్ష్మమ్మ అయితే నా చేతులు పట్టుకుని, "బాగా చెప్పినావప్పా, సరిగ్గా చెప్పినావు" అంది. డెబ్బై దాటిన మనిషి. కూడిక మొదలైన రోజున వచ్చిన ముగ్గురిలో ఆమె ఒకతి. ఆమె కోసమైనా గంటా నలభై నిమిషాలూ తిరిగి తెస్తాను.

మార్చి 12, బుధవారం. మధ్యాహ్నం 2.10

సెలవు పెట్టి హోసూరు. నాలుగు షాపులు.

మొదటి షాపు: "ఎనభైయా? ఇరవై ఆరు అంగుళాల చక్రానికా? అది నిలిచిపోయి శానా దినాలైంది సార్."

రెండో షాపు: నవ్వారు.

మూడో షాపు: కొత్త సైకిల్ కొనమన్నారు.

నాలుగో షాపు: టీ ఇచ్చి కొత్త సైకిల్ కొనమన్నారు.

పర్వాలేదు. అరణ్యంలో నలభై దినాలుంటే ఏడో దినానికే రొట్టె రాదు. పాత సామాన్లు అమ్మే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. 80 అని కొట్టి వెతుకుతాను. 80 మాత్రమే.

మార్చి 15, శనివారం

8.05: యాప్‌లో 80 లేదు.

8.20: లేదు.

8.40: 80 లేదు. కానీ హోసూరులోనే ఉపేంద్ర అనే ఆయన దగ్గర 120 ఉంది. నల్లటి ఒళ్లు, బంగారు రంగు కాళ్లు. ఊరికే చూశాను.

8.55: ఊరికే మళ్లీ చూశాను.

9.10: బంగారు రంగు తప్పేం కాదు. దేవుడి కోసం కట్టిన ప్రత్యక్షపు గుడారంలో ఎంత బంగారం లేదు?

9.30: యాప్ తీసేశాను. శోధకుడా, వెనక్కి పో!

10.15: యాప్ వేశాను. 80 వచ్చిందేమో చూడాలి కదా.

మార్చి 17, సోమవారం. ఉదయం 6.00

నిన్న 4.35. పదిహేడు నిమిషాలు. ప్రార్థన ముగించకముందే ఒకాయన క్యాన్ మూత పెట్టాడు.

ఆలోచించాను. 120 అంటే ఏమిటి? 80 కన్నా నలభై ఎక్కువ. నలభై! ఎన్ని దినాల వాన? ఎన్ని సంవత్సరాల అరణ్యం? ఇప్పుడు ఎన్ని దినాల ఉపవాసం? నేను వెతకలేదు, లెక్కే వచ్చి నా ముందర నిలబడింది.

అయినా తొందరపడను. ప్రార్థన చేసి అడుగుతాను.

అదే రోజు, 6.40

కొత్త సంవత్సరం ఆరాధనలో మా సంఘంలో ఇంటికొక వాగ్దానం కార్డు తీస్తాం. ఎవరికి ఏ వాక్యం వస్తే సంవత్సరమంతా అదే వాళ్లకు వెలుగు. కార్డుల డబ్బా నా దగ్గరే ఉంటుంది. ప్రతి కార్డు మూలలో వరుస సంఖ్య, ఒకటి నుంచి నూట యాభై దాకా. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడిగి తీశాను.

63. ఆ సైజు ఫోర్కు లోకంలో లేదు. కాబట్టి అది జవాబు కాదు, పలకరింపు.

12. నా అల్పవిశ్వాసానికి గద్దింపు.

147. శోధన.

80. చేతికి చెమటగా ఉండి కార్డు సరిగ్గా పట్టుకోలేదు. చెల్లదు.

31. 9.

ఏడోసారి: 120! కార్డు మీద వాక్యం కూడా కొండలను గురించినదే! మోకాళ్లమీద పడ్డాను. వాక్యంలోని ఆ పట్టణం గోడ కూడా ఏడోసారి చుట్టి వచ్చాకే కదా కూలింది.

తలుపు దగ్గర అమృత చూస్తూ ఉందని తెలియదు.

"ఎనభై వచ్చింది కదప్పా నాలుగోసారి?"

"అది చెల్లదు."

"పన్నెండు వచ్చిందే, దానికి బొమ్మ సైకిల్ కొనింటివా? కంపెనీలో కూడా ఇట్లనే చీటీ తీసి పాస్ చేస్తావా నువ్వు? నువ్వు పాస్ చేసిన ముక్కలు బిగించిన లారీ యాడా ఎక్కకూడదమ్మా నేను."

ఆడవాళ్లకు ఆత్మీయ విషయాలు నిదానంగా అర్థమవుతాయి. (ఈ వాక్యం ఆమె చదవకుండా చూడాలి.)

మార్చి 20, గురువారం. సాయంత్రం 7.00

తెచ్చేశాను.

ఉపేంద్ర మంచి మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి హోసూరు ఆఫీసులో పని. అపార్ట్‌మెంట్ కింద నిలబడి ఫోర్కును చంటిబిడ్డలా తువ్వాలులో చుట్టి ఇచ్చాడు.

"దీని మీద వెళ్తే పరుపు మీద వెళ్లినట్టే ఉంటుందండి. మీ బండి ఏ సంవత్సరందండీ?"

"పాతదే."

"ఎంత పాతదండీ? మరీ పాతదైతే 120 కొంచెం ఎక్కువవుతుందేమో చూసుకోండి, తర్వాత నన్ను అనకండి."

అమ్మేవాడే వద్దంటున్నాడు. పూర్వం ఒక ప్రవక్తకు దారికి అడ్డంగా గాడిదే నోరు తెరిచి చెప్పింది. ఆ కథ మీద నేను మూడు ఆదివారాలు చెప్పాను. బస్సు సూళగిరి దాటి కృష్ణగిరి వైపు రెండు స్టాపులు పోయాక గుర్తొచ్చింది. బంగారు కాళ్లను చూస్తూ దిగడం మరిచాను.

మార్చి 22, శనివారం. మధ్యాహ్నం 1.30

అంజనప్ప తువ్వాలు విప్పాడు. చూశాడు. టేపు తీశాడు. ఇరుసు నుంచి భుజం దాకా నలభై తొమ్మిది. మళ్లీ తువ్వాలు కప్పాడు.

"ఇది నీ బండికి కాదు."

"నాలుగు సెంటీమీటర్లే కదప్పా ఎక్కువ."

"నీ ముక్కు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువుంటే మీ ఇంటామె ఊరుకుంటాదా? మొన్న సంతలో మైకు పెట్టి నువ్వే కదా చెప్పినావు, పాత చొక్కాకు కొత్త గుడ్డ అతుకేస్తే చొక్కానే చినుగుతాదని? నేను టీ తాగతా ఇన్నాను."

"అది ఆత్మీయ విషయం."

"ఇది ఇనప విషయం. ఇనుము నీ మాట ఇనదు."

అయినా బిగించాడు. పాపం, ఆయన చేతులే ఒప్పుకోలేదు, రెండుసార్లు స్పానర్ జారింది. బండి దించి నిలబెట్టాక దూరం నుంచి చూశాను. ముందు భాగం పైకి లేచి ఆకాశం చూస్తోంది. నాకైతే ప్రార్థనలో ఉన్నట్టనిపించింది. అంజనప్పకు వేరేలా అనిపించింది. ఏమనిపించిందో ఇక్కడ రాయను. ఉపవాస దినాలు.

2.15: హైవే పక్క రోడ్డులో నడిపి చూశాను. దేవా! స్పీడ్‌బ్రేకర్ తగిలినట్టే లేదు! గుంటలున్నాయని చూసి తెలుసుకోవాలి! లారీ డ్రైవర్ కన్నా ఎత్తులో కూర్చున్నట్టుంది! గోపీచంద్, కీబోర్డు సర్దుకో.

గోడమీది 80ని తుడిచాను. పూర్తిగా పోలేదు. 120 దాని మీదే రాశాను. ఇప్పుడది 1280లా కనిపిస్తోంది.

మార్చి 23, ఆదివారం

ఆరు కిలోమీటర్లు: రథం.

ఏడో కిలోమీటరు, ఎక్కుడు మొదలు: ముందు చక్రం కుడికి పోయింది. నేను ఎడమకు తిప్పాను. అది కూడా ఎడమకు పోయింది, కానీ చాలా ఎక్కువగా. కొత్త దూడను సంతకు తోలినట్టుంది. గట్టిగా తొక్కితే ముందు చక్రం నేల వదిలేస్తోంది.

తోసుకుంటూ పోయాను.

చేరింది: 4.41.

కారణం: ఎదురుగాలి.

మార్చి 30, ఆదివారం

చేరింది: 4.38.

కారణం: రాత్రి వాన పడి బాట మెత్తబడింది.

(వాన కావేరిపట్టణంలో పడిందట. గాలికి తేమ ఇక్కడిదాకా వచ్చి ఉంటుంది.)

ఏప్రిల్ 4, శుక్రవారం. సాయంత్రం 6.30

తప్పు ఫోర్కుది కాదని తేలింది. బరువుది. ముందర లేస్తోందంటే ముందర బరువు చాలడం లేదు. బరువు పెడితే సరి! అంత చిన్న విషయం అంజనప్పకు ఎందుకు తోచలేదు?

చేసిన మార్పులు:

సీటు ముందుకు జరిపాను. సీటు ముక్కు కిందికి వంచాను. కూర్చుంటే సాష్టాంగపడ్డట్టు ఉంది. మంచిదే, వినయం.

హ్యాండిల్‌కు బుట్ట కట్టాను. అందులో నా పెద్ద గ్రంథం, తోలు అట్టది, రెండున్నర కిలోలు. వాక్యమే నన్ను నేలమీద పట్టి ఉంచాలి.

చాలలేదు. పక్కన ఐదు కిలోల రాగుల సంచి.

"వాక్యం చాల్లేదా?" అంది అమృత.

ఏప్రిల్ 6, ఆదివారం

రెండో మలుపు దాకా బ్రహ్మాండం. రెండో మలుపులో రాగుల సంచి ఎడమకు ఊగింది. ఫోర్కు దాంతో ఏకీభవించింది. నేను, సైకిల్, గ్రంథం, రాగులు కలిసి టమాటా తోటలోకి పోయాం.

తోటలో పని చేస్తున్నావిడ నడుంమీద చేతులు పెట్టి చూసింది.

"యాడికప్పా ఇట్ల అడ్డంగా?"

"గుండ్లగుట్టకు, తల్లీ. ప్రార్థనకు."

"మా తోటకు రావాలంటే గేటు ఆడ ఉండాది. ప్రార్థన ఏదో నా టమాటాలకు చెయ్యి. తొక్కినవి పోనీ, మిగిలినవాటికన్నా రేటు రానీ."

చేశాను. ఎనిమిది నిమిషాలు. ఈ నెలలో ఎవరూ అడ్డు రాకుండా చెప్పిన ఒకే ఒక్క ప్రార్థన.

చేరింది: 4.47. రామలక్ష్మమ్మ నా చొక్కా మీది టమాటా గింజలు దులుపుతూ, "నిదానంగా రాప్పా, ఏం పరవాలేదు, నిదానంగానే రా" అంది. ఎంత దయ! కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం. మధ్యాహ్నం 12.50

ప్రభువు ఈ దినాన గాడిద మీద పట్టణంలోకి వచ్చాడు. గాడిదకు ఫోర్కు లేదు. ఎవరూ కొలవలేదు. టైంకు చేరాడు.

ఇంకో వారమే ఉంది.

1.05: అమృత చర్చి నుంచి ఇంకా రాలేదు. వరండాలో ఎవరూ లేరు.

1.10: టార్పాలిన్ తీశాను. దుమ్ము దులపడానికి మాత్రమే.

1.15: పెట్రోలు బండి ఎక్కనన్నాను. ఈ స్కూటర్‌లో పెట్రోలు ఎప్పుడో ఆవిరైపోయి ఉంటుంది. కాబట్టి ఇది పెట్రోలు బండి అవుతుందా?

1.20: తాళం తిప్పాను. ఏమీ లేదు. కిక్కు కొట్టాను. ఇరవై రెండుసార్లు. ఫరో గుండెను కఠినపరిచిన దేవుడు బ్యాటరీని కఠినపరిచాడు.

1.32: "దుమ్ము కాలితో కూడా దులుపుతావాప్పా?" అమృత. చేతిలో మట్ట. ఆ మట్టతోనే స్కూటర్ సీటు దులిపి లోపలికి పోయింది.

చేరింది: 4.36, సైకిల్ తోసుకుంటూ.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

ఉపవాసం. మౌనం. ఫోర్కు గురించి ఒక్కసారి కూడా తలచుకోలేదు.

(అబద్ధం. రెండుసార్లు.)

(ఐదుసార్లు.)

ఏప్రిల్ 20, ఈస్టరు. సాయంత్రం 7.20

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం ఆరాధన ముగియగానే, అన్నం కూడా తినకుండా పన్నెండున్నరకే బయలుదేరాను. తోసుకుంటూ పోయినా మూడింటిలోపే చేరే లెక్క. కానీ తోసుకుంటూ పోతే వెంకటరమణప్ప చూస్తాడు. ఈ రోజు ఎక్కి తీరాలి. తొమ్మిదేళ్ల పల్లె అది.

మొదటి మలుపు ఎక్కాను. రెండో మలుపు ఎక్కాను! తోటావిడ చెయ్యి ఊపింది. మూడో మలుపు నిట్టనిలువు. "స్తోత్రం!" అని అరిచి బలమంతా పెట్టి తొక్కాను. ముందు చక్రం లేచింది. ఇంకా లేచింది. బంగారు కాళ్లు సూర్యుడికి అడ్డొచ్చాయి. ఆరోహణం ఈస్టరు తర్వాత నలభయ్యో దినానికి కదా, ఈ రోజే ఏమిటి అనుకుంటుండగా వెల్లకిలా పడ్డాను. సైకిల్ నా మీద పడింది. ముందు చక్రం వంకరపోయి ఎనిమిది అంకెలా అయింది.

నడుం పట్టేసింది. నీడలోకి పాకి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఫోన్ తీసి చూస్తే సిగ్నల్ లేదు, టైం మాత్రం ఉంది: 3.50. అయిపోయింది. గుండ్లగుట్ట పోయింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

పైనుంచి స్కూటర్ దిగొచ్చింది. గోపీచంద్.

"అన్నా! పెద్దాయన చూసి రమ్మన్నాడు. దెబ్బలు తగిలినాయా? ఎక్కన్నా."

"నేను పెట్రోలు బండి ఎక్కను, తెలుసు కదా."

"తెలుసన్నా. ఆ మీటింగులో మొదటి వరసలో కూర్చోనుంటిని. ఆ దినమే స్కూటర్ బుక్ చేసి వచ్చినాను, ఎంత భయపడినానో." స్టాండు వేసి దిగాడు. "సరి, నువ్వు ఎక్కొద్దు. నేను నిన్ను ఎత్తి పెడతాను. సామాను ఎక్కిచ్చినట్టు."

నడుం నొప్పి వాక్యం కన్నా బిగ్గరగా మాట్లాడింది. ఎక్కాను. వాడు నెమ్మదిగా నడిపాడు. ప్రతి గుంట దగ్గర "సారీ అన్నా" అన్నాడు. మంచివాడే. ఇన్నాళ్లూ మీసం ఒక్కటే చూశాను.

4.25కు పల్లెలో దిగాను. పదకొండు మందీ చాపల మీద. వెంకటరమణప్ప ప్లాస్టిక్ కుర్చీలో. పాల క్యాన్లు వరసగా. నేను నోరు తెరవకముందే పెద్దాయన చెయ్యెత్తాడు.

"ప్రసాదూ, మూడున్నర అన్నాను. టైం చూసినావా?"

"చూసినాను. నాదే తప్పు." ఫోర్కుది అనలేదు. గాలిది అనలేదు. వేరే కారణం వెతికే ఓపిక లేదు.

ఆయన జనం వైపు తిరిగాడు. "చూడండి, వచ్చే వారం నుంచి మీకు గోపీచంద్ వస్తాడు. సరిగ్గా మూడింటికి. రెండు గంటలు పూర్తిగా కూడిక. పాటలు కూడా శానా ఉంటాయి. ఎన్నప్పా?"

"పద్నాలుగు," అన్నాడు గోపీచంద్.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రామలక్ష్మమ్మ చేతులు నేలకు ఆనించి లేచింది.

"అయ్యా పెద్దాయనా, నేను చదవనిదాన్ని, తప్పుంటే మన్నించు. ఈయప్ప ముందు టైముకే వచ్చేవాడు. మూడున్నరకు మొదలుపెడితే ఐదైనా, ఆవులు అరిచినా ఆపేవాడు కాదు. పాల బండి పోతాదని ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నేను, మా చెల్లెలు, చెవిటి మునెప్ప, ముగ్గురమే ఉంటిమి. మునెప్పకు ఎట్లాగూ ఇనపడదు. పోయిన సంవత్సరం నుంచి ఈయప్ప లేటుగా వస్తాడు. నాలుగున్నరకు వచ్చి, ఇరవై నిమిషాల్లో, సూటిగా, మిరపకాయ కొరికినట్టు చెప్పి ముగిస్తాడు. అప్పటి నుంచి మంది వస్తాండారు. ఇప్పుడు రెండు గంటలోడు మాకొద్దయ్యా. ఈయప్పే కావాల. లేటుగానే కావాల."

"అవునయ్యా," అంది వెనక నుంచి ఒకామె. "నాలుగున్నరకు ముందర ఎవరొచ్చినా మేము రాము."

వెంకటరమణప్ప నన్ను చూశాడు. నేను నేలను చూశాను. గోపీచంద్ కీబోర్డు సంచి జిప్పు నెమ్మదిగా మూసేశాడు.

"మునెప్పా, నువ్వేమంటావు?" అని పెద్దాయన గట్టిగా అరిచి అడిగాడు.

"ఆమెన్," అన్నాడు మునెప్ప, లేచి క్యాన్ అందుకుంటూ.

నాకింకా పద్దెనిమిది నిమిషాలున్నాయి. ఖాళీ సమాధిని గురించి చెప్పాను. పదిహేను నిమిషాల్లో ముగిసింది. ఎవరూ కదల్లేదు. ఇంకో మూడు నిమిషాలు ఊరికే కూర్చున్నారు, నాతో. తొమ్మిదేళ్లలో అలా కూర్చోవడం అదే మొదలు.

అగ్ని అనుకున్నాను. చచ్చిన ఫోర్కు చేసిన పని అది.

ఏప్రిల్ 21, సోమవారం. ఉదయం 5.40

నడుంకు అమృత వేడినీళ్ల కాపడం పెట్టింది. కాపడం పెడుతూ నవ్వింది. నవ్వుతూ ఇంకొంచెం గట్టిగా అదిమింది. ఒట్టు సంగతి సంఘం ముందర ఆదివారం ఒప్పుకుంటానని ఆమెకు చెప్పాను. "మైకు లేకుండా చెప్పు, రెండు ముక్కల్లో" అంది.

రాత్రంతా ఆలోచించాను. పల్లె దక్కింది. అయితే ఇంక ఫోర్కు ఎందుకు? ఎందుకంటే సరైనది సరైనదే. టైముకు చేరడం కోసమైతే అది ఆశ. కొలతకు కొలత తూగడం కోసమైతే అది నీతి. నాలుగున్నరకు చేరాలన్నా మణికట్లు కావాలి. పైగా ఈసారి మూడున్నర దాకా ఇంట్లోనే ఉండొచ్చు.

పెంతెకొస్తు పండగ జూన్ 8న. ఈస్టరు నుంచి నలభై తొమ్మిది దినాలు. నలభై కన్నా తొమ్మిది ఎక్కువ. ఇంకేం కావాలి!

గోడ కడిగాను. కొత్త మొక్కుబడి:

1. ఫోర్కు: 80. ఇరుసు నుంచి భుజం దాకా 45. టేపుతో మాత్రమే. (నూరు దాకా సహిస్తుందని అంజనప్పే అన్నాడు.)
2. వంకరపోయిన చక్రం అంజనప్ప చెప్పినట్టే, ఆయన చెప్పినంతసేపూ నోరెత్తకుండా బాగుచేయిస్తాను.
3. గోపీచంద్‌ను నెలకొకసారి గుండ్లగుట్టకు పిలుస్తాను. రెండు పాటలు.
4. ప్రసంగం: ఇరవై నిమిషాలు. ఒక్క నిమిషం కూడా ఎక్కువ కాదు.

(పరిచయం కాకుండా.)